పళ్లు తోముకోవడం మానేశారంటే: మనసుకూ నోటికీ ఉన్న సంబంధం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పంటి బిగువున బాధ భరించాడు అంటాం. భయమేస్తే నోరు పిడచకట్టుకుపోయింది అంటాం. కోపమొస్తే పళ్లు పటపట కొరికాడు అంటాం. మనసులో జరిగేది నోట్లో కనిపిస్తుందని మన భాషకు ఎప్పుడో తెలుసు. అయినా మానసిక వైద్యుడు నోరు తెరిచి చూపించమని అడగడం అరుదు. పళ్ల డాక్టరు నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది అని అడగడం ఇంకా అరుదు. నేను ఒక చిన్న ఊళ్లో పళ్ల డాక్టరుని. చాలా ఏళ్లు నేనూ అడగలేదు. అడగడం మొదలుపెట్టాక ఇళ్లవాళ్లు నన్ను తిరిగి అడిగిన ప్రశ్నలు ఇవి.

మా తమ్ముడు ఆరు నెలలుగా సరిగ్గా మొహం కూడా కడుక్కోవట్లేదు. ఎంత చెప్పినా వినడు. ఇది బద్ధకమా?

బద్ధకం అనుకునే ముందు ఆగండి. మన ఇళ్లల్లో పళ్లు తోముకోవడాన్నే మొహం కడుక్కోవడం అంటాం. రోజు మొదలయ్యేది దానితోనే. ఒక మనిషి అది మానేశాడంటే అతనికి రోజు మొదలవడమే కష్టంగా ఉందేమో చూడాలి. డిప్రెషన్‌లో ఒంట్లో శక్తి ఉండదు, ఏ పని చేయాలన్నా కొండ ఎక్కాల్సినంత బరువుగా అనిపిస్తుంది. లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలిగే స్కిజోఫ్రీనియా జబ్బులో చేయాలన్న కోరికే తగ్గిపోతుంది. అది జబ్బు లక్షణం, స్వభావం కాదు.

నా తప్పు ఒకటి చెప్తాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక కుర్రాడిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. చిగుళ్ల నిండా గార, ఎనిమిది పిప్పి పళ్లు. "ఇంత చదువుకున్నావు, ఇంత నిర్లక్ష్యమా?" అని తల్లి ముందే గట్టిగా అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. మళ్లీ రాలేదు. ఏడాది తర్వాత ఆ తల్లి వేరే పని మీద వచ్చి, అప్పటికి వాడు మూడు నెలలుగా గదిలోంచి బయటికి రాలేదని, పళ్లనొప్పి వంకతో ఎలాగో తీసుకొచ్చానని చెప్పింది. అతను గది దాటి వచ్చిన ఒక్క చోట నేను అతన్ని తిట్టాను. అప్పటినుంచి నోరు పాడైన ఏ మనిషినీ ముందు మందలించను. "ఈ మధ్య ఎలా ఉంటున్నారు?" అని అడుగుతాను.

మీ తమ్ముడికి నిద్ర, తిండి, మనుషులతో మాట మారాయా గమనించండి. ఇవి రెండు వారాలకు మించి అలాగే ఉంటే ముందు మానసిక వైద్యుడికి చూపించండి. పళ్ల పని దానితో పాటే చేయించవచ్చు.

సరే, కానీ ఈలోగా పళ్లు ఎలా తోమించాలి?

మొత్తం పద్ధతిగా చేయించాలని పట్టుపట్టకండి. రెండు పూటలా కుదరకపోతే రాత్రి ఒక్కపూట చాలు. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, పళ్లకు కాపలా ఉండేది అదే, అందుకే రాత్రి తోమడానికి విలువ ఎక్కువ. లేచి బాత్రూమ్ దాకా వెళ్లలేకపోతే మంచం మీదే బ్రష్, ఒక మగ్గు, ఒక గిన్నె ఇవ్వండి. టీవీ చూస్తూ తోమినా ఫరవాలేదు. పేస్ట్ వాసన పడకపోతే ఉత్తి తడి బ్రష్‌తో తోమినా పాచి కొంత పోతుంది. బ్రష్ కూడా పట్టని రోజున నీళ్లు పుక్కిలించి, శుభ్రమైన గుడ్డ వేలికి చుట్టి పళ్లు తుడుచుకోమనండి. "నేనూ తోముకుంటున్నా, రా" అని పక్కన నిలబడితే పని జరిగినంతగా పదిసార్లు గుర్తుచేస్తే జరగదు.

తోమిన రోజున మెచ్చుకోండి. తోమని రోజు గురించి ఎత్తకండి.

మానసిక సమస్యకు మందులు వాడుతున్నప్పటి నుంచి నోరు ఎండిపోతోంది. పళ్లు కూడా వరసగా పుచ్చుతున్నాయి. మందుల వల్లేనా?

చాలావరకు అవును. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. తిన్న ప్రతిసారీ నోట్లో పుట్టే ఆమ్లాన్ని అది విరిచేస్తుంది, పంటిపై పొర కోల్పోయిన కాల్షియాన్ని తిరిగి అందిస్తుంది. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాత డిప్రెషన్ మందులు, స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు ఇచ్చే ఓలాంజపిన్ వంటి కొన్ని యాంటీసైకోటిక్ మందులు, చేతుల వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ దాన్ని తగ్గించేస్తాయి. రెండు మూడు కలిసి వాడేవాళ్లకు మరీ ఎక్కువ. అప్పుడు చిగురు అంచున, మామూలుగా పుచ్చని చోట కూడా పళ్లు పుచ్చడం మొదలవుతుంది.

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నోరు ఎండుతోందని బిళ్లలు చప్పరిస్తారు, తియ్యటి టీ నాలుగైదుసార్లు తాగుతారు, కూల్‌డ్రింక్ సీసా పక్కన పెట్టుకుంటారు. లాలాజలం లేని నోట్లో చక్కెర పడితే పన్ను నిలవదు. నిమ్మబద్ద, చింతపండు, ఉసిరికాయ బుగ్గన పెట్టుకుంటే నీరూరుతుంది నిజమే, కానీ ఆ పులుపు పంటిపై పొరను తినేస్తుంది. దానికంటే మంచినీళ్లు గుక్కగుక్కగా తాగండి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ వాడి, ఉమ్మేశాక నీళ్లతో గట్టిగా పుక్కిలించకండి, ఆ పూత కాసేపు ఉండాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నోటిని ఇంకా ఎండగడుతుంది. ఆరు నెలలకోసారి కాకుండా మూడు నెలలకోసారి పళ్లు చూపించుకోండి.

దయచేసి ఒక్క పని చేయకండి: నోరు ఎండుతోందని మందు మీ అంతట మీరు ఆపేయకండి. ఈ ఇబ్బంది డాక్టరుకు చెప్తే మోతాదు మార్చవచ్చు, వేరే మందు ఇవ్వవచ్చు, ట్రైహెక్సిఫెనిడిల్ ఇంకా అవసరమా అని చూడవచ్చు. చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

మా అన్నయ్యకు దానికి పూర్తిగా విరుద్ధం. పొద్దున్నే దిండంతా సొంగతో తడిసి ఉంటుంది.

స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడుతున్నారా చూడండి. ఆ మందుకు అది బాగా తెలిసిన లక్షణం, రాత్రిపూట ఎక్కువ. తల కొంచెం ఎత్తులో, పక్కకు తిరిగి పడుకోబెట్టండి. నిద్రలో పొలమారుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. దిండు గలీబు రోజూ మార్చండి, అందరి ముందూ ఆ మాట ఎత్తకండి. అతనికి అది చాలా సిగ్గు.

పంటినొప్పికి మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేసుకోవచ్చా? మానసిక సమస్యకు మందులు కూడా వాడుతున్నాను.

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మనసు కొన్నాళ్లు మరీ ఉప్పొంగి, కొన్నాళ్లు కుంగిపోయే బైపోలార్ సమస్యకు లిథియం వాడేవాళ్లు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఇవి మూత్రపిండాల ద్వారా లిథియం బయటకు పోకుండా చేస్తాయి. రక్తంలో దాని స్థాయి పెరిగిపోతుంది. పంటినొప్పితో తినక, నీళ్లు తాగక ఉంటే ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే నొప్పి మాత్ర, లిథియం రెండూ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. షాపులో "పంటినొప్పికి" అని ఇచ్చే చాలా మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు వీటిలో ఒకటి కలిసి ఉంటుంది, కాబట్టి స్ట్రిప్ వెనక రాసింది చదవండి. మామూలుగా లిథియం వాడేవాళ్లకు ఉత్తి పారాసెటమాల్ మేలు.

డిప్రెషన్‌కు ఫ్లుఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రమ్ వంటివి వాడేవాళ్లు ఇవే నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది. పన్ను తీయించుకోబోతుంటే ముందే చెప్పండి. అంటే మందు ఆపమని కాదు, పన్ను తీశాక కుట్టు వేయడానికి, రక్తం ఆగేదాకా కూర్చోబెట్టడానికి డాక్టరు సిద్ధంగా ఉంటారు. నొప్పికే ఇచ్చే ట్రమడాల్ ఈ మందులతో కలిస్తే ఫిట్స్ రావచ్చు, ఒళ్లు వేడెక్కి వణుకు పుట్టవచ్చు. ఫిట్స్‌కు, బైపోలార్‌కు ఇచ్చే కార్బమజిపైన్ వాడేవాళ్లకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌లు సరిపడవు.

ఇంకొకటి, ఇళ్లల్లో అసలు బయటికి చెప్పనిది. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ వాడుతుంటే చిగుళ్ల ఇన్‌ఫెక్షన్‌కు మామూలుగా రాసే మెట్రోనిడజోల్ వేసుకోకూడదు. రెండూ కలిస్తే మనిషి మతి చలించినట్టు ప్రవర్తించవచ్చు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదు. డీ అడిక్షన్ మందు వాడుతున్నామని పళ్ల డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి. మేం ఎవరికీ చెప్పం.

ఇంజెక్షన్ చేయించిన మర్నాడు మా అబ్బాయి దవడ పట్టేసింది, మెడ ఒకవైపు తిరిగిపోయింది. దవడ జారిందా, ధనుర్వాతమా?

హాలోపెరిడాల్ వంటి యాంటీసైకోటిక్ మందు కొత్తగా మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లో ఇలా కండరాలు పట్టేస్తాయి. చూడటానికి భయంకరంగా ఉంటుంది, కానీ సరైన ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి నిమిషాల్లో తగ్గుతుంది. దవడ సరిచేయించడానికి, తాయెత్తు కట్టించడానికి తిరగకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో చెప్పండి. గొంతు పట్టేసి ఊపిరి ఇబ్బంది అయితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఏళ్ల తరబడి ఈ మందులు వాడినవాళ్లు నమిలినట్టు నోరు ఆడించడం, నాలుక బయటపెట్టడం వేరే సంగతి. అది కూడా మందు ప్రభావమే. కట్టుడు పళ్లు సరిగ్గా నిలవట్లేదని వచ్చినవాళ్లలో నేను మొదట చూసేది అదే.

పొద్దున లేచేసరికి దవడలు, కణతలు నొప్పి. మా ఆయన నేను నిద్రలో పళ్లు కొరుకుతున్నానంటున్నారు.

టెన్షన్, ఆందోళన, నిద్ర సరిగ్గా లేకపోవడం దీనికి పెద్ద కారణాలు. పరీక్షల నెలల్లో పిల్లలు, ప్రాజెక్టు గడువు దగ్గరపడితే సాఫ్ట్‌వేర్ వాళ్లు, కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లులు ఇదే మాటతో వస్తారు. పళ్ల మొనలు అరిగి చదునైపోతాయి, చల్లనివి తాగితే జివ్వుమంటాయి, వేసిన క్యాప్ ఊడిపోతుంది. డిప్రెషన్‌కు ఫ్లుఆక్సెటిన్, సెర్ట్రాలిన్, పరోక్సెటిన్ మొదలుపెట్టాక కొందరిలో ఇది కొత్తగా వస్తుంది. అప్పుడు తేదీలు గుర్తుపెట్టుకుని ఆ డాక్టరుకు చెప్పాలి.

రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ పళ్లను అరగకుండా కాపాడుతుంది, అంతే. కొరకడాన్ని ఆపదు. నేను నైట్ గార్డ్ చేసి ఇచ్చేటప్పుడు, రాత్రి నిద్ర పట్టనంతగా మనసులో ఏం తిరుగుతోందని కూడా అడుగుతాను. పగలు కూడా పళ్లు బిగించి పనిచేసే అలవాటు ఉంటే ఒక గుర్తు పెట్టుకోండి: నోరు మూసి ఉన్నప్పుడు పెదాలు కలవాలి, పై పళ్లూ కింది పళ్లూ కలవకూడదు. గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

మా ఐదేళ్ల పాప నిద్రలో పళ్లు కొరుకుతోంది. నులిపురుగులేనా?

మన అమ్మమ్మలంతా అదే అంటారు, కానీ దానికి గట్టి ఆధారం లేదు. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఎలాగూ వేయించండి, అది మంచిదే. ఈ వయసులో కొరకడం మామూలు, ఎక్కువమందికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఇంట్లో గొడవలు, బడి మార్పు, కొత్త తమ్ముడు వంటివి ఏమైనా ఉన్నాయా అన్నది మాత్రం ఆలోచించండి.

మాటిమాటికీ నోటిపూత వస్తోంది. వేడి చేసిందంటున్నారు.

నిద్రలేమి, టెన్షన్ ఉన్న రోజుల్లో నోటిపూత ఎక్కువవడం చాలామందిలో చూస్తాం. ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం తక్కువైనా వస్తుంది, కాబట్టి రక్తపరీక్ష చేయించుకోండి. రెండు మూడు వారాలైనా మానని పుండు ఏదైనా సరే, నొప్పి లేకపోయినా సరే, తప్పకుండా చూపించాలి. దాన్ని వేడి ఖాతాలో వేయకండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా పన్ను నొప్పి. రెండు పళ్లు తీయించుకున్నా పోలేదు. ఇప్పుడు డాక్టరు డిప్రెషన్ మాత్ర రాశారు. నాకు పిచ్చి అనుకుంటున్నారా?

లేదు. మీ నొప్పి నిజం. కొన్నిసార్లు పంటిలో జబ్బు లేకుండానే నొప్పిని మోసే నరాల వ్యవస్థలో తేడా వస్తుంది. అమిట్రిప్టిలిన్‌ను చిన్న మోతాదులో ఇచ్చేది ఆ నొప్పికి. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు అంతకంటే బాగా ఎక్కువ. మొహం మీద కరెంట్ షాక్ కొట్టినట్టు క్షణంలో వచ్చిపోయే నొప్పి అయితే అది ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే మొహం నరం నొప్పి కావచ్చు, దానికి కార్బమజిపైన్ వాడతారు. రెండింటిలోనూ పన్ను మీద పన్ను తీయించుకుంటూ పోతే ఒరిగేదేమీ లేదు. నెలల తరబడి నొప్పి ఉంటే మనసు కుంగుతుంది, కుంగిన మనసుకు నొప్పి ఇంకా పెద్దగా తెలుస్తుంది. అందుకే రెండింటికీ వైద్యం కలిపి చేయాల్సి వస్తుంది.

మాది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ వల్ల పళ్లు పసుపుగా, గోధుమ రంగు మచ్చలతో ఉన్నాయి. నలుగురిలో నవ్వలేను. ఇది కూడా మానసిక సమస్యేనా?

మీది మానసిక జబ్బు కాదు, కానీ బాధ నిజమైనదే. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్‌ను మొదట వైద్యులు నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ ప్రాంతంలో కొంత ఇప్పుడు ప్రకాశం జిల్లా. నల్గొండ ఊళ్లలో తరాల తరబడి తాగిన బోరు నీళ్ల గుర్తు ఇది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటని ఫ్లోరైడ్ ఉండాలని, వేరే నీరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన ప్రమాణాలు చెప్తాయి. ఎన్నో బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే ఆడపిల్లలను, ఫోటో అనగానే పెదాలు బిగించే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాను. పళ్లు తోముకోరని అనుకుంటారేమో అని వాళ్ల భయం. పెళ్లిచూపుల్లో, ఇంటర్వ్యూలో ఆ భయం రెట్టింపు. గట్టిగా తోమితే ఈ మచ్చలు పోవు. బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి పెట్టి రుద్దుకుని పన్ను అరగదీసుకోకండి. తేలికపాటి మచ్చలను పైపొర పాలిష్ చేసి, బ్లీచింగ్ చేసి తగ్గించవచ్చు. ముదురు మచ్చలకు పంటి రంగు కాంపోజిట్ పూత లేదా పంటి మీద అతికించే పల్చటి పొర (వెనీర్) వేస్తారు. ప్రభుత్వ దంత కళాశాలల్లో ప్రైవేటు కంటే చాలా తక్కువ ఖర్చు. ఇది సోకు కోసం చేయించుకునేది అని ఇంట్లోవాళ్లంటే ఒప్పుకోకండి.

ఇంకో సందేహం ఇక్కడివాళ్లందరికీ ఉంటుంది, ఫ్లోరైడ్ పేస్ట్ వాడొచ్చా అని. ఈ మచ్చలు పన్ను చిగురులో తయారవుతున్న చిన్న వయసులో, మింగిన ఫ్లోరైడ్ వల్ల పడతాయి. పెద్దవాళ్లు పేస్ట్‌తో తోమి ఉమ్మేస్తే కొత్త మచ్చలు రావు.

టెన్షన్ తగ్గుతుందని మావాడు ఖైనీ, గుట్కా వేస్తాడు. మానమంటే చిరాకు.

పొగాకు తగ్గించే టెన్షన్‌లో ఎక్కువభాగం, దాన్ని వేసుకోకపోవడం వల్ల పుట్టినదే. నికోటిన్ దిగిపోగానే చిరాకు, వేయగానే హాయి. శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ పెద్దమ్మలు కూడా "ఇది లేకపోతే మనసు నిలవదు" అంటారు. వాళ్ల అంగిలి మీద తెల్లమచ్చలు, పుళ్లు నేను చూశాను. గుట్కా, వక్కపొడి అలవాటున్నవాళ్లకు నోరు నిలువుగా మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోతే వెంటనే చూపించాలి. పొగాకు మానడానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పళ్ల డాక్టరు కుర్చీ అంటేనే నాకు గుండెదడ. చిన్నప్పుడు ఒకచోట పట్టుకుని పీకారు.

ఆ మాట అలాగే డాక్టరుకు చెప్పండి. మొదటి రోజు ఏ పనీ చేయకుండా మాట్లాడి పంపమని అడిగే హక్కు మీకుంది. చెయ్యి ఎత్తితే ఆపాలి అని ముందే ఒప్పందం చేసుకోండి. మేం ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో లిగ్నోకైన్‌తో పాటు కొంచెం అడ్రినలిన్ ఉంటుంది. దానివల్ల ఒకట్రెండు నిమిషాలు గుండె వేగంగా కొట్టుకోవచ్చు. ఉన్నట్టుండి గుండెదడ, భయం ముంచెత్తే పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లు దాన్నే అటాక్ అనుకుని లేచి వెళ్లిపోతారు. ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

మా అత్తగారికి మతిమరుపు జబ్బు. నోరు తెరవనివ్వరు. చిగుళ్ల జబ్బు వల్లే మతిమరుపు వస్తుందని విన్నాం.

అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదడులో చిగుళ్ల జబ్బు బ్యాక్టీరియా జాడ దొరికిందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. దాని మీద తయారుచేసిన మందు 2021లో పెద్ద పరీక్షలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. సంబంధం ఉండవచ్చు, కారణం అదేనని తేలలేదు. కాబట్టి చిన్నప్పుడే బాగా తోమించి ఉంటే ఇలా అయ్యేది కాదని ఎవరూ బాధపడనక్కర్లేదు.

ఆవిడ ఉన్నట్టుండి అన్నం వద్దంటున్నా, ఒకే చెంప పట్టుకుంటున్నా, చిరాకు పెరిగినా పంటినొప్పేమో చూడండి, ఆవిడ చెప్పలేరు. అద్దం ముందు కూర్చోబెట్టి, వెనక నిలబడి, బ్రష్ ఆవిడ చేతికే ఇచ్చి మీ చెయ్యి దానిమీద వేసి తోమండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి నీళ్లలో వేయండి.

అమెరికాలో చదువుకుంటున్న మా అమ్మాయి ఇండియా వచ్చినప్పుడు పళ్లు చూపించుకుంటానని రెండేళ్లుగా నెట్టుకొస్తోంది.

అక్కడ ఆరోగ్య బీమాలో పళ్లు సాధారణంగా కలవవు, ఆ ఖర్చు భయం నాకు అర్థమవుతుంది. దంత కళాశాలల క్లినిక్‌లలో తక్కువలో చేస్తారు, అడగమనండి. ఫోన్‌లో పళ్ల గురించి అడిగినప్పుడు నిద్ర, ఒంటరితనం గురించి కూడా అడగండి. మనసు బాగా కుంగితే ఫోన్ చేసి మాట్లాడటానికి అక్కడ 988 నంబరు ఉంది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి? ఎక్కడికి వెళ్లాలి?

వాడుతున్న మాత్రల స్ట్రిప్‌లన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లిథియం వాడితే చివరి రక్తపరీక్ష కాగితం. పళ్ల డాక్టరు రాసిన చీటీ మానసిక వైద్యుడికీ చూపించండి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. కాబట్టి మీరు చెప్పేది పళ్ల డాక్టరు వినే మొదటి కథ కాదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. పళ్లకు హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఎక్కడికీ కదల్లేని రోజున 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రోగిని తీసుకొచ్చేవాళ్లకు ఒక చిన్న మాట. పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. వెయిటింగ్ హాల్‌లో జనం ఉండరు, టీవీ మోత ఉండదు, డాక్టరుకూ తొందర ఉండదు. రాత్రి వేసుకున్న మాత్రల మత్తు పొద్దున దిగనివాళ్లయితే పదకొండు తర్వాత రండి. ఆ సంగతి ఫోన్‌లోనే చెప్తే కుర్చీ ఖాళీగా ఉంచుతాం.